అరెత రాజు ఎవరు? సండే స్కూల్లో పిల్లాడు అడిగిన ప్రశ్న

సుజాత_టీచర్

మా సంఘంలో సండే స్కూలు పెద్ద పిల్లల తరగతి నాది. పోయిన వారం పౌలును దమస్కు గోడ మీద నుంచి గంపలో దింపిన కథ చెప్పాను. పిల్లలకు ఆ కథంటే ప్రాణం. తాడు పట్టుకుని మెల్లగా వదులుతున్నట్టు చేతులు ఆడిస్తూ మరీ వింటారు. తర్వాత రెండో కొరింథీ 11:32 చదివించాను. దమస్కులో "అరెత అను రాజు" కింద ఉన్న అధిపతి పౌలును పట్టుకోవాలని కాపలా పెట్టాడని అక్కడుంది కదా. ఏడో తరగతి పిల్లాడొకడు లేచి, "టీచర్, దమస్కు రోమా వాళ్ళదని మీరే చెప్పారు. కైసరు ఉండగా మధ్యలో ఈ రాజెవరు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. వచ్చే ఆదివారం చెప్తానన్నాను. ఇంటికొచ్చి నా దగ్గరున్న వ్యాఖ్యానాలన్నీ తిరగేస్తే "ఒక అరబ్బు రాజు" అని మూడు మాటలు, అంతే. హేరోదుల గురించి పేజీలకు పేజీలు రాసినవాళ్ళు ఈయన దగ్గరికి వచ్చేసరికి కలం ఎందుకు మూసేశారో అర్థం కాలేదు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. నాకు ఆదివారం దాకానే టైముంది.

నాణేల_నాని

నబాతీయుల రాజు నాలుగో అరెత. క్రీ.పూ. 9లో గద్దెనెక్కి క్రీ.శ. 40 దాకా ఏలాడు. అగస్టస్, తిబెరి, కలిగులా, ముగ్గురు కైసర్లను చూశాడు. వాళ్ళ లిపిలో పేరు "హారితత్". ఇప్పుడు అరబ్బుల్లో వినిపించే హారిస్ అనే పేరు అదే. గ్రీకు వాళ్ళు అరేతాస్ అన్నారు, మన బైబిల్లోకి అరెత అని వచ్చింది. రాజధాని పెట్రా, ఇప్పటి జోర్డాన్‌లో.

బందరు_లడ్డు

పెట్రా అంటే ఆ గులాబీ రంగు కొండను చెక్కిన ఊరేనా? ఇన్నాళ్ళూ అది రోమన్ల గుడి అనుకున్నా!

నాణేల_నాని

అదే ఊరు. గుడీ కాదు, రోమన్లదీ కాదు. ఫోటోల్లో అందరూ చూసేది ఖజ్నే. అంటే ఖజానా. మన ఖజానా మాటే. నిజానికి అది సమాధి. ఎక్కువమంది పండితులు దాన్ని ఈ అరెత కాలానికే చెందిందంటారు. పైన రాతితో చెక్కిన పెద్ద కలశం లాంటిది ఉంటుంది. అందులో బంగారం దాచారని నమ్మి అక్కడి బెదూయిన్లు తుపాకులతో కాల్చారు. ఆ గుండ్ల దెబ్బలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఒంటెబాట

సుజాత గారూ, మీ పిల్లాడి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

నబాతీయులు అరబ్బులు. దక్షిణ అరేబియాలో దొరికే సాంబ్రాణి, బోళం ఒంటెల మీద వేసుకుని గాజా రేవు దాకా చేర్చేవాళ్ళు. మృత సముద్రంలో తేలే తారు ముద్దలు ఏరి ఐగుప్తుకు అమ్మేవాళ్ళు. ఎడారిలో నీళ్ళెక్కడ ఉన్నాయో వాళ్ళకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు. అదే వాళ్ళ బలం. రోమా చుట్టుపక్కల రాజ్యాలన్నిటినీ మింగేస్తున్నా వీళ్ళ రాజు మాత్రం రాజుగానే మిగిలాడు. కైసరు మాట కాదనకుండా, తన ఇంటిని తాను చక్కబెట్టుకుంటూ. అలాంటి రాజులు తూర్పున చాలామంది ఉండేవాళ్ళు. యూదయ రాజు హేరోదు కూడా ఆ బాపతే. కాబట్టి "కైసరు ఉండగా ఇంకో రాజేంటి" అంటే, కైసరు ఉంచాడు కాబట్టి ఉన్నాడు అని ముందు చెప్పండి.

అయితే అరెత విషయంలో ఒక తేడా ఉంది. ఈయన్ని కైసరు కూర్చోబెట్టలేదు. తనే కూర్చున్నాడు. అంతకు ముందు రాజు ఒబోదాస్ మెతక మనిషి. పెత్తనమంతా మంత్రి సిలేయస్‌ది. ఒబోదాస్ చనిపోయేసరికి సిలేయస్ రోమా నగరంలో ఉన్నాడు, గద్దె తనకు దక్కుతుందని ఆశ. ఇక్కడ ఏనియాస్ అనే ఆయన అరెత అని పేరు మార్చుకుని కిరీటం పెట్టేసుకున్నాడు. తర్వాత బంగారు కిరీటం ఒకటి కానుకగా పెట్టి, "మా రాజుకు విషం పెట్టింది సిలేయసే" అని అగస్టస్‌కు లేఖ పంపాడు. అగస్టస్‌కు ఒళ్ళు మండింది. నన్నడక్కుండా రాజువయ్యావా అని కానుకలు తిప్పి పంపాడు. ఒక దశలో నబాతీయుల దేశాన్ని హేరోదు చేతికే ఇచ్చేద్దామనుకున్నాడు కూడా. ఈలోపు హేరోదు తన కొడుకుల మీదే నేరాలు మోపుతూ లేఖలు పంపేసరికి, ముసలివాడు, ఇంట్లోనే కుమ్ములాటలు, ఈయనకు ఇంకో రాజ్యమా అని మానుకున్నాడు. చివరికి అరెతనే ఒప్పుకున్నాడు. సిలేయస్ తల రోమాలో తెగింది.

కోనసీమ_కుర్రాడు

ఒంటెబాట అన్నా, అంటే ఆయన అదృష్టం హేరోదు ఇంటి గొడవల మీద ఆధారపడిందన్నమాట. ఊళ్ళో పొలం తగాదాల్లో కూడా ఇంతే. అవతలివాడి ఇంట్లో పొయ్యి ఆరిపోతే మనకు కేసు గెలుపు.

రోమా_చరిత్ర

ఒంటెబాట గారు బాగా చెప్పారు గానీ మరీ ఎత్తేయకండి. చిన్న రాజ్యం, రోమా దయ మీద బతికింది. క్రీ.పూ. 4లో హేరోదు చనిపోయాక యూదయలో తిరుగుబాటు లేస్తే, దాన్ని అణచడానికి వచ్చిన సిరియా గవర్నరు వారస్‌కు ఇదే అరెత సైన్యం పంపాడు. హేరోదు మీద కసితో ఆ సైనికులు ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టారని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. వాళ్ళు మాట వినకపోయేసరికి వారసే వాళ్ళను వెనక్కి పంపేశాడు. పిల్లలకు చెప్పేటప్పుడు ఇదీ చెప్పాలి.

నాణేల_నాని

చెప్పాల్సిందే, నేను కాదనను. కానీ "రోమా దయ మీద బతికాడు" అని అక్కడితో ఆపేస్తే ఒప్పుకోను. ఆయన నాణేలు చూడండి. ఆ కాలంలో రోమా నీడన ఉన్న రాజులు తమకు తాము పెట్టుకున్న బిరుదులు "రోమా మిత్రుడు", "కైసరు మిత్రుడు". హేరోదు మనవడు అగ్రిప్ప కూడా అదే బాటలో నడిచాడు. అరెత నాణేల మీద, శాసనాల మీద ఉన్నది "రాహెం అమ్మెహ్". తన ప్రజలను ప్రేమించేవాడు అని అర్థం. ఎదురుగా అగస్టస్ కూర్చుని ఉండగా ఆ మాట చెక్కించాడు. నాలుగు దశాబ్దాలకు పైగా ఆ బిరుదు మార్చలేదు. నేను ఆ రాజును ప్రేమించడం మొదలుపెట్టింది అక్కడే.

దొరికిన నబాతీయ నాణేల్లో చాలా భాగం ఈయనవే. నా దగ్గరా ఒక చిన్న కంచు నాణెం ఉంది. మన పాత పావలా బిళ్ళ కన్నా కాస్త చిన్నది. ఒకవైపు రాజు, రాణి తలలు ఒకదాని వెనక ఒకటి. రెండోవైపు పండ్లు నిండిన కొమ్ములు రెండు అడ్డదిడ్డంగా, మధ్యలో ఇద్దరి పేర్లు.

సుజాత_టీచర్

రాణి బొమ్మ కూడానా! ఆవిడ పేరేంటి నాని గారూ? మా క్లాసులో ఆడపిల్లలు ఎక్కువ, వాళ్ళు ఇదే అడుగుతారు.

నాణేల_నాని

మొదటి రాణి హుల్దు. క్రీ.శ. 16 దాకా ఆమె నాణేల మీద కనిపిస్తుంది. తర్వాత క్రీ.శ. 18 నుంచి షకీలత్. నా నాణెం మీద ఉన్నది షకీలత్. పేరు చదవగలిగినరోజు రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

అనంత_రైతు

అరెత కూతురి సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఆ హేరోదు కొడుకు, గలిలయను ఏలిన హేరోదు అంతిప మొదటి భార్య ఈయన కూతురే కదా. బాప్తిస్మమిచ్చు యోహాను తల తెగిన కథకు మొదలు అక్కడే ఉంది.

సుజాత_టీచర్

ఏంటీ! హేరోదియ కన్నా ముందు ఇంకో భార్య ఉందా? ముప్పై ఏళ్ళుగా బైబిలు చదువుతున్నాను, ఈ మాట ఎక్కడా తగల్లేదు.

కథలక్క

సువార్తల్లో లేదు సుజాతా. జోసెఫస్ రాశాడు. ఆమె పేరు ఆయన ఇవ్వలేదు. శాసనాల్లో అరెత కూతుళ్ళ పేర్లలో ఫసాయేల్ అని ఒకటి ఉంది, ఈమె ఆమేనని కొందరంటారు. నేను మాత్రం "అరెత కూతురు" అనే పిలుచుకుంటాను.

అంతిపతో పెళ్ళయి చాలా ఏళ్ళయింది. రెండు రాజ్యాల మధ్య గొడవలు లేకుండా చేసిన పెళ్ళి. అంతిప రోమాకు వెళ్తూ దారిలో తన సవతి అన్న ఇంట్లో దిగాడు. అక్కడ వదిన హేరోదియను చూశాడు. పెళ్ళి చేసుకుందాం అన్నాడు. ఆమె ఒకే షరతు పెట్టింది. అరెత కూతుర్ని వదిలెయ్యాలి. సరే అన్నాడు.

ఈ సంగతి భార్యకు ముందే తెలిసిపోయింది. ఎవరు చేరవేశారో గానీ, మొగుడు ఊరు నుంచి తిరిగొచ్చేలోపు ఆమె అంతా ఆలోచించి పెట్టుకుంది. ఏడవలేదు, నిలదీయలేదు. మకైరస్ కోటకు పంపించమని మామూలుగా అడిగింది. మృత సముద్రానికి తూర్పున, తండ్రి రాజ్యం పొలిమేరలో ఉన్న కోట అది. అంతిపకు అనుమానం రాలేదు. పంపాడు. అక్కడ అన్నీ ముందే సిద్ధం చేయించి ఉంచింది. కోట నుంచి కదిలిందో లేదో, తండ్రి సేనాపతులు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి, ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి ఆమెను కాపాడుకుంటూ తీసుకెళ్ళి పుట్టింటికి చేర్చారు. వెళ్ళి తండ్రికి అంతా చెప్పింది.

నాకు ఈ కథ మొదటిసారి చదివినప్పుడు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆవిడా ఇలాగే, గుడికని చెప్పి రెండు చీరల సంచీతో బస్సెక్కి మా తాత ఇంటికి వచ్చేసింది. మా తాత "ఎందుకొచ్చావ్" అని అడగలేదట. "అన్నం తిన్నావా" అన్నాడట.

బందరు_లడ్డు

కథలక్కా, చదువుతూ ఆగిపోయానక్కా. మీ తాతగారికి దణ్ణం.

కోనసీమ_కుర్రాడు

మరి అరెత ఏం చేశాడు? ఊరుకున్నాడా?

కథలక్క

ఊరుకోలేదు. అల్లుడి మీద యుద్ధం చేశాడు. అంతిప సైన్యం మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. అంతిప సవతి సోదరుడు ఫిలిప్పు రాజ్యం నుంచి పారిపోయి వచ్చి అంతిప వైపు చేరినవాళ్ళు వెన్నుపోటు పొడిచారని జోసెఫస్ అంటాడు. యూదుల్లో చాలామంది ఇది యోహానును చంపినందుకు దేవుడు వేసిన శిక్ష అని చెప్పుకున్నారట. ఆ మాట కూడా ఆయన పుస్తకంలోనే ఉంది.

రోమా_చరిత్ర

ఒక్క నిమిషం. కూతురి కోసమే యుద్ధం అంటే నేను ఒప్పుకోను. యుద్ధం జరిగింది క్రీ.శ. 36 ప్రాంతంలో. కూతురు ఇల్లు వదిలి అప్పటికి చాలా ఏళ్ళయి ఉండాలి, ఎందుకంటే యోహాను హేరోదియ పెళ్ళిని తప్పుపట్టింది యేసు పరిచర్య రోజుల్లో. ఇన్నాళ్ళు ఆగి కోపం వచ్చిందా? గమలా వైపు సరిహద్దు తగాదా కూడా ఉందని అదే జోసెఫస్ రాశాడు. క్రీ.శ. 34లో ఫిలిప్పు చనిపోయి ఆయన ప్రాంతం ఖాళీ అయింది. అసలు కారణం నేల. కూతురు సాకు.

కథలక్క

సాకు అనకండి. కోపం ఉన్నరోజే కత్తి తీయాలని ఎక్కడుంది? వెనక రోమా ఉన్న అల్లుడు వాడు. సమయం కోసం చూశాడు. జోసెఫస్ కూడా ఇద్దరికీ వైరం మొదలైంది అక్కడేనని రాసి, ఆ తర్వాతే సరిహద్దు మాట ఎత్తాడు.

అనంత_రైతు

రెండూ కలిసే ఉంటాయి. మా వైపు గట్టు తగాదాలు ఎప్పుడూ ఒట్టి గట్టు తగాదాలు కావు. వెనక ఒక ఆడపడుచు కన్నీళ్ళో, ఆగిపోయిన పెళ్ళో ఉంటుంది. గట్టు దగ్గర బయటపడుతుంది, అంతే.

రోమా_చరిత్ర

అనంత రైతు గారి మాట ఒప్పుకుంటున్నాను. "సాకు" అన్న మాట వెనక్కి తీసుకుంటా.

ఒంటెబాట

తర్వాత జరిగింది ఇంకా గొప్ప కథ. ఓడిపోయిన అంతిప తిబెరి కైసరుకు మొరపెట్టుకున్నాడు. తిబెరి మండిపడి సిరియా గవర్నరు విటెల్లియస్‌కు ఆజ్ఞ పంపాడు: అరెతను ప్రాణాలతో పట్టుకుంటే సంకెళ్ళు వేసి తీసుకురా, చంపితే తల పంపు. విటెల్లియస్ రెండు లెజియన్లు, అంటే వేలమంది ఉండే రోమా సైనిక దళాలు, వాటికి తోడు పదాతి, గుర్రపు దళాలతో పెట్రాకు బయల్దేరాడు. అరెతకు అప్పటికి ముసలితనం. గద్దెనెక్కి నలభై అయిదేళ్ళు.

దారిలో యూదయ దాటాలి. రోమా సైనికుల జెండాల మీద బొమ్మలుంటాయి, మా నేల మీదుగా వద్దని యూదు పెద్దలు ఎదురొచ్చి బతిమాలారు. విటెల్లియస్ విన్నాడు. సైన్యాన్ని మైదానం దారిన పంపి, తను అంతిపతో కలిసి పండుగకని యెరూషలేము వెళ్ళాడు. నాలుగో రోజు కబురొచ్చింది. తిబెరి చనిపోయాడు. క్రీ.శ. 37 మార్చి 16న పోయాడు, కబురు రావడానికి అంత టైము పట్టింది. కైసరు పోయాడు కాబట్టి యుద్ధం చేసే అధికారం నాకు లేదని విటెల్లియస్ సైన్యాన్ని వెనక్కి తిప్పేశాడు. అంతకు ముందే అంతిప మీద ఆయనకు కడుపుమంట ఉంది. రోమాకు తూర్పున ఉన్న పార్థియా రాజుతో సంధి జరిగిన కబురు తనకన్నా ముందు అంతిప కైసరుకు చేరవేసి మెప్పు కొట్టేశాడని. అందుకని తిరిగి వెళ్ళిపోవడం ఆయనకేమీ కష్టంగా అనిపించి ఉండదు.

బందరు_లడ్డు

అబ్బ! సినిమాలో కూడా ఇంత కరెక్ట్ టైముకి రాదు కబురు.

ఒంటెబాట

ఇంకోటుంది లడ్డూ. సైన్యం వస్తోందని తెలిసి అరెత పక్షి శకునం చూశాడట. "ఈ సైన్యం పెట్రాలో అడుగుపెట్టదు. ఆజ్ఞ ఇచ్చినవాడో, దాన్ని జరపడానికి వస్తున్నవాడో, ఎవరి మీదకు వస్తున్నారో వాడో, ముగ్గురిలో ఒకరు చనిపోతారు" అన్నాడట.

కోనసీమ_కుర్రాడు

ముగ్గురి పేర్లూ చెప్తే ఏదో ఒకటి తగులుతుంది కదన్నా. మా ఊరి కోయదొర కూడా ఇంత జాగ్రత్తగా చెప్పడు.

సుజాత_టీచర్

నవ్వొచ్చింది కానీ, ఆ ముగ్గురిలో తన పేరు కూడా పెట్టుకున్నాడు చూడండి. ముసలి రాజు, రెండు లెజియన్లు దారిలో ఉన్నాయి. నాకైతే గుండె బరువెక్కింది.

సరే, అంతా బాగుంది. అసలు ప్రశ్న మిగిలే ఉంది. దమస్కులో ఈయన అధిపతి ఏం చేస్తున్నాడు?

నాణేల_నాని

నా జవాబు: కొన్నాళ్ళు దమస్కు ఈయన చేతికే వచ్చింది. దమస్కులో కొట్టిన నాణేల్లో తిబెరి బొమ్మ ఉన్నవి క్రీ.శ. 34 దాకా ఉన్నాయి. తర్వాత మళ్ళీ కైసరు బొమ్మ కనిపించేది నీరో కాలంలో, 62 ప్రాంతంలో. కలిగులావి లేవు, క్లౌదివి లేవు. తిబెరి శత్రువులతో మంచిగా ఉండటం కలిగులా పద్ధతి. గద్దెనెక్కగానే అరెతకు దమస్కు ఇచ్చి ఉంటాడు. నబాతీయులకు ఆ ఊరు కొత్త కాదు. మూడో అరెత క్రీ.పూ. 84 ప్రాంతంలో దాన్ని పట్టుకుని సొంత నాణేలు కొట్టించాడు.

రోమా_చరిత్ర

నాణేలు లేకపోవడం ఆధారం అవుతుందా నానీ? చాలా ఊళ్ళు ఏళ్ళ తరబడి నాణేలు కొట్టలేదు. పైగా నాలుగో అరెత పేరున దమస్కు నాణెం ఒక్కటైనా ఉందా? కలిగులా ఇచ్చాడని ఏ రచయితా రాయలేదు. పౌలు వాడిన గ్రీకు మాట "ఎథ్నార్క్". ఒక జాతికి పెద్ద అని కూడా ఆ మాటకు అర్థం. అలెగ్జాండ్రియాలో యూదులకు అలాంటి పెద్ద ఉండేవాడు. దమస్కులో నబాతీయ వ్యాపారులు బోలెడుమంది. వాళ్ళ పేటకు అరెత తరఫున ఒక పెద్ద ఉండి, వాడే మనుషుల్ని పెట్టి కాపలా కాయించి ఉంటాడు.

నాణేల_నాని

పేట పెద్దకు ఊరి మొత్తానికి కావలి పెట్టే అధికారం ఎక్కడిది? పౌలు "దమస్కీయుల పట్టణానికి" కావలి అన్నాడు, ఒక వీధికి కాదు.

రోమా_చరిత్ర

గవర్నరే అయితే గోడ మీద నుంచి గంపలో దిగిన మనిషిని ఊరి బయట పట్టుకోవడం ఎంతసేపు? ద్వారాల దగ్గర కాపు కాసింది యూదులని అపొస్తలుల కార్యములు 9లో ఉంది. ఇద్దరూ కలిసి చేసిన పనిలా ఉంది తప్ప ప్రభుత్వం పనిలా లేదు.

అనంత_రైతు

మీ ఇద్దరిదీ తేలేలా లేదు గానీ, పౌలు మీద నబాతీయులకు కోపం ఎందుకు? ఆయన బోధించింది యూదులకు కదా.

ఒంటెబాట

గలతీ 1:17 చూడండి. మారుమనస్సు పొందాక యెరూషలేము వెళ్ళకుండా అరేబియాకు వెళ్ళి, మళ్ళీ దమస్కుకు వచ్చానంటాడు. ఆ కాలంలో దమస్కు మనిషి "అరేబియా" అంటే చాలావరకు నబాతీయుల రాజ్యమే. అక్కడ ఊరికే కూర్చుని ఉంటే రాజు అధికారికి ఈయనతో పనేముంది? అక్కడా బోధించి ఉంటాడు, ఏదో అలజడి రేగి ఉంటుంది. ఇది నా ఊహ అని పిల్లలకు చెప్పండి. కానీ ఒకటి గట్టిగా చెప్పొచ్చు. అరెత 40లో పోయాడు కాబట్టి గంప సంఘటన ఆ లోపే జరిగింది. పౌలు జీవితంలో తారీఖులు దొరకడమే కష్టం. ఆ ఒక్క వచనంలో ఈ రాజు పేరు ఉండబట్టి మనకు ఒక గుంజ దొరికింది.

జెద్దా_రమణ

నాలుగు రోజులుగా చదువుతున్నా, ఇప్పుడు రాస్తున్నా. నేను సౌదీలో ఏసీ మెకానిక్‌ని. పోయిన చలికాలం ముగ్గురం కలిసి కారులో అల్ ఉలా వెళ్ళాం. అక్కడ హెగ్రా ఉంది. మదాయిన్ సాలెహ్ అని పాత పేరు. సౌదీలో మొట్టమొదట యునెస్కో జాబితాకెక్కింది ఇదే, 2008లో. ఇసుక మధ్య ఒంటరి రాతి గుట్టలు. ఒక్కో గుట్టను ఇంటి ముఖంలా చెక్కి సమాధి చేశారు. అలాంటివి నూటికి పైనే ఉన్నాయి.

గుమ్మం పైన పలక లాంటిది చెక్కి అందులో రాత ఉంటుంది. గైడు అమ్మాయి ఇంగ్లీషులో చదివి చెప్పింది. ఫలానా మనిషి తనకూ తన పిల్లలకూ కట్టించుకున్న సమాధి. దీన్ని ఎవరూ అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, అద్దెకు ఇవ్వకూడదు, వేరేవాళ్ళను ఇందులో పూడ్చకూడదు. అలా చేసినవాణ్ణి దుషరా దేవుడు, మనాత్ దేవత శపించుగాక. దుషరాకు ఇంత, రాజు హారితత్‌కు ఇంత జరిమానా కట్టాలి. చివర్లో "తన ప్రజలను ప్రేమించే నబాతీయుల రాజు హారితత్ ఏలుబడిలో ఫలానా సంవత్సరం ఫలానా నెల". కింద చెక్కినవాడి పేరు కూడా.

అప్పుడు నాకు ఆ రాజెవరో తెలీదు. నాని గారి పోస్టులో ఆ బిరుదు చూడగానే ఒళ్ళు జలదరించింది. నేను ఆ మాట కింద నిలబడి ఫోటో దిగాను!

దస్తావేజు_మూర్తి

రమణా, నువ్వు చెప్పింది విని కుర్చీలో నిటారుగా కూర్చున్నా. ఇరవై ఆరేళ్ళుగా రిజిస్ట్రారాఫీసు ఎదురుగా దస్తావేజులు రాస్తున్నాను. మేం రాసేది "దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో అనుభవించగలవారు" అని. వాళ్ళు అదే జాబితా పట్టుకుని ఒక్కొక్కటీ కాదని రాశారు. ఇది శాపం కాదయ్యా, పక్కా దస్తావేజు. ఆస్తి వివరం, హక్కుదారులు, షరతులు, జరిమానా, తేదీ, రాసినవాడి పేరు. నకలు ఎక్కడైనా ఉంచేవాళ్ళా?

ఒంటెబాట

ఉంచేవాళ్ళు మూర్తి గారూ. ఒక సమాధి మీద "దీని నకలు కైషా గుళ్ళో ఉంది" అని చెక్కి ఉంది. ఆడవాళ్ళ పేరున ఉన్న సమాధులు కూడా ఉన్నాయి. తల్లి కట్టించుకుని కూతుళ్ళకు, వాళ్ళ పిల్లలకు హక్కు రాసింది. జరిమానా ఏ డబ్బులో కట్టాలో కూడా ఉంటుంది: "హారితత్ సెలాలు వెయ్యి". సెలా అంటే వెండి నాణెం.

దస్తావేజు_మూర్తి

కూతుళ్ళకు హక్కు! రెండు వేల ఏళ్ళ కింద! మన దగ్గర 1985లో ఆంధ్రప్రదేశ్ చట్టం తెచ్చేదాకా ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా వాటా లేదు. ఆ రాజు దగ్గర గుమాస్తాగా పనిచేసి ఉంటే బాగుండేది.

అనంత_రైతు

నాకు నీళ్ళ సంగతి చెప్పండి. పెట్రాలో వాన ఎంత?

మేరీ_యాత్ర

ఏడాదికి 150 మిల్లీమీటర్లు అటూ ఇటూ అని మా గైడు చెప్పాడు. మేం యెరూషలేము యాత్రకు వెళ్ళి జోర్డాన్ వైపు నుంచి తిరిగొచ్చాం, అప్పుడు చూశా. ఊళ్ళోకి వెళ్ళాలంటే సీక్ అనే సన్నటి కొండ చీలిక గుండా కిలోమీటరుకు పైగా నడవాలి. రెండు పక్కలా నడుము ఎత్తున గోడకు కాలువ తొలిచి ఉంది. ఒకవైపు మట్టి గొట్టాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి వేశారట. వరదొస్తే చీలికలోకి రాకుండా ముందే ఆనకట్ట కట్టి, కొండలో సొరంగం తవ్వి అటు మళ్ళించారు. మా గుంపులో అందరూ ఖజ్నే ఫోటో కోసం పరుగు. నేను ఆ కాలువ పట్టుకుని నడిచాను. మోకాళ్ళ నొప్పి కూడా మర్చిపోయాను. నాటకశాల కూడా ఈ అరెత కాలంలోనే కొండను తొలిచి చేశారు. మెట్లు తొలవడానికి పాత సమాధులను కూడా కోసేశారు. వెనక గోడలో వాటి బొరియలు అలాగే ఉన్నాయి.

అనంత_రైతు

150! మా అనంతపురంలో ఏడాదికి 550 పడుతుంది, దాన్నే కరువు జిల్లా అంటాం. మాకు చెరువులు ఉన్నాయి, కాలువలు పూడిపోయాయి. ఈ సంగతి మా ఊరి గ్రూపులో పెడతా.

బందరు_లడ్డు

ఇందులో మన వైపు సంబంధం ఏమన్నా ఉందా? ఊరికే అడుగుతున్నా.

ఒంటెబాట

ఉంది, నీ ఊరితోనే. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు ఎర్ర సముద్రం, హిందూ మహాసముద్రం రేవుల గురించి రాసిన చిన్న గ్రంథం ఉంది, పెరిప్లస్ అంటారు. అందులో ల్యూకే కోమే అనే రేవు దగ్గర పెట్రాకు, నబాతీయుల రాజు మాలికస్‌ దగ్గరకు దారి ఉందని రాశాడు. మాలికస్ అంటే అరెత కొడుకు. అక్కడ దిగే సరుకు మీద నాలుగో వంతు సుంకం. అదే గ్రంథంలో ఇంకా ముందుకు వస్తే తూర్పు తీరాన "మసాలియా" అనే ప్రాంతం, అక్కడ సన్నని బట్ట విస్తారంగా నేస్తారని ఉంది. ఆ మసాలియా మన కృష్ణా తీరమే, మచిలీపట్నం వైపు అని చరిత్రకారులంటారు.

బందరు_లడ్డు

ఈ రోజు నేను కాలర్ ఎగరేసుకుని తిరుగుతా.

కథలక్క

నాకు ఇంకో ముక్క చెప్పాలనుంది. పెట్రాలో ఉండి వచ్చిన స్నేహితుడు చెప్పగా విని స్ట్రాబో అనే గ్రీకు రచయిత నబాతీయుల గురించి రాశాడు. వాళ్ళ రాజు విందుల్లో ఎవరూ పదకొండు గిన్నెలకు మించి తాగరట. రాజు తనే లేచి మిగతావాళ్ళకు వడ్డిస్తాడట. ప్రజల సభ ముందు నిలబడి తన పాలనకు లెక్క చెప్పుకుంటాడట, ఒక్కోసారి తన బతుకు గురించి కూడా అడుగుతారట. ఇది చదివాక "తన ప్రజలను ప్రేమించేవాడు" అన్న మాట వట్టి బిరుదుగా అనిపించలేదు నాకు.

రోమా_చరిత్ర

అదే స్ట్రాబో నబాతీయులు రాజులను పెంటకుప్పల పక్కన పూడుస్తారని కూడా రాశాడు కథలక్కా. పెట్రా సమాధులు చూసినవాళ్ళెవరూ ఆ మాట నమ్మరు. కాబట్టి ఆయన్ని కాస్త చూసి నమ్మాలి. వడ్డించే రాజు మాట మాత్రం నాకూ ఇష్టమే.

నాణేల_నాని

రోమా చరిత్ర గారి నోట "నాకూ ఇష్టమే" అన్న మాట వచ్చింది. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

సుజాత_టీచర్

క్లాసు అయింది. ఇప్పుడే వచ్చి రాస్తున్నాను.

బోర్డు మీద పెట్రా, మకైరస్, యెరూషలేము, దమస్కు చుక్కలు పెట్టి ఒంటెల దారి గీశాను. నాని గారి మాట, రోమా చరిత్ర గారి మాట రెండూ చెప్పి చేతులెత్తమన్నాను. దమస్కు రాజు చేతిలోనే ఉందని పదకొండు మంది, పేట పెద్ద అని ఆరుగురు. వారస్‌తో వెళ్ళి ఊళ్ళు తగలబెట్టిన సంగతి కూడా దాచలేదు. ఒకమ్మాయి "మరి ఆ ఊళ్ళ వాళ్ళను ప్రేమించలేదా" అంది. వాళ్ళు ఆయన ప్రజలు కారు అన్నాను. ఆ పిల్లకు ఆ జవాబు నచ్చలేదు, నాకూ నచ్చలేదు.

కూతురి కథ చెప్పేటప్పుడు క్లాసంతా నిశ్శబ్దం. సేనాపతులు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అప్పగించుకుంటూ తీసుకెళ్ళారని చెప్పగానే, మొదట ప్రశ్న అడిగిన పిల్లాడే, "టీచర్, అంటే ఆమెను కాపాడి తెచ్చుకున్న రాజే పౌలును పట్టుకోమన్నాడా?" అన్నాడు. అవును అన్నాను. వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు.

రమణ గారూ, ఆ ఫోటో ఒకటి పెట్టగలరా? గుమ్మం పైన రాత కనిపించేది. వచ్చే వారం పిల్లలకు చూపిస్తాను.

జెద్దా_రమణ

డ్యూటీలో ఉన్నా అక్కా. రాత్రి రూముకెళ్ళగానే పెడతా. నా మొహం కట్ చేసి రాత మాత్రం పెద్దది చేసి పెడతాను.

సుజాత_టీచర్

మొహం కట్ చేయకు తమ్ముడూ. మన తెలుగబ్బాయి అక్కడ నిలబడ్డాడని కూడా చూపించాలి.